ముందు తల ఎత్తినవాడు

నయీం ఆటోలో ఎవరూ నిద్రపోకూడదు. ప్రొద్దుటూరులో ఈ సంగతి తెలియనివాళ్ళు తక్కువ. బస్టాండు నుంచి బంగారు అంగళ్ళ వీధికి పోయేలోపు నిద్ర ఎట్లా పడుతుందని అడగొచ్చు. పడుతుంది. అక్కడి ఎండకు నిలబడ్డ మనిషికే రెప్పలు వాలతాయి, ఇక ఆటోలో కూర్చోబెట్టి గాలి తగిలిస్తే చెప్పేదేముంది? ఒకసారి లెక్కల అయ్యవారు జనార్దనం సారు వెనక సీట్లో తల వాల్చేసరికి, నయీం నడిరోడ్డు మీద బ్రేకు వేసి, దిగి వచ్చి, ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"సార్! సార్! ఉండారా?"

జనార్దనం సారు ఉలిక్కిపడి లేచి, జారిన కళ్ళద్దాలు ఎగదోసుకున్నాడు. "ఉండాన్లేప్పా. నువ్వు దింపితే గదా నేను యాడికన్నా పోయేది!" అన్నాడు. పూల బండి దగ్గర నిలబడ్డవాళ్ళంతా పగలబడి నవ్వారు. నయీం మాత్రం నవ్వలేదు. ఆయన ముఖంలోకి ఒకసారి పట్టి చూసి, మళ్ళీ ముందుకు పోయి కూర్చున్నాడు.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య ఫరహత్‌ది పులివెందుల. పగలంతా ఒళ్ళు వంచి పని చేసి, పడుకుంటే దుంగలా పడుకునే మనిషి. ఆమె కాసేపు కదలకపోయినా, ఊపిరి చప్పుడు వినపడకపోయినా నయీం తట్టి లేపుతాడు. ఈ వరస మొదలైన కొత్తలో భయపడింది. తర్వాత కోప్పడింది. పుట్టింటికి పోయి చెప్పుకుని ఏడ్చింది. ఇప్పుడు కళ్ళు కూడా తెరవదు. "ఉండాన్లే, పండుకో" అంటుంది. ఆ ఒక్క మాట వింటే చాలు, నయీం మళ్ళీ నడుము వాలుస్తాడు.

గల్ఫులో వీడికి ఏదో గాలి సోకిందని వీధిలో అనుకుంటారు. తాయెత్తు కట్టించమని ఒకరు, మంత్రం వేయించమని ఒకరు. జనానికి ప్రతిదానికీ ఒక పేరు పెడితే గానీ తిన్నది అరగదు. నయీంకు సోకింది గాలి కాదు. అదేమిటో తెలియాలంటే రఫీ సంగతి చెప్పాలి.

రఫీ, నయీం గోడకు ఇటొకడు అటొకడు పుట్టిపెరిగారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, తిట్టుకోవాల్సి వస్తే రెండూ. రఫీకి తండ్రి లేడు. తల్లి ఖాతూన్‌బీ కుట్టుమిషను తొక్కి, ఊళ్ళో ఆడవాళ్ళ రవికలన్నీ తానే కుట్టి, ఉన్న ఒక్క కొడుకునూ పెంచింది. చుట్టరికం ఏమీ లేకపోయినా నయీం ఆమెను ఖాలా అనేవాడు, పిన్నమ్మ అన్నట్టు. ఆమె ఇద్దరినీ ‘బేటా’ అనే పిలిచేది. అన్నం పెట్టినా బేటా, చెంప మీద ఒకటి ఇచ్చినా బేటా. ఆ పిలుపు లేకుండా ఆమె నోట మాట ముగిసేది కాదు.

జమ్మలమడుగు రోడ్డులో ఊరు దాటాక వెంకటరమణమ్మ చేను, ఆ చేలో పెద్ద బావి ఉండేవి. రాతిమెట్లు, మెట్ల పక్కన మోటారు పైపు, ఒడ్డున వేపచెట్టు. ఆ వీధి పిల్లలందరూ ఆ బావిలోనే ఈత నేర్చారు. మొదట వీపుకు బెండు కట్టుకుని దిగేవాళ్ళు. ఆ బెండు మనిషిని మునగనివ్వదు. ఈత వచ్చాక ఒక రోజు బెండు విప్పేసేవాళ్ళు. విప్పినవాడు ఆ రోజు నుంచి మగాడి కింద లెక్క. మళ్ళీ బెండు ముట్టుకున్నాడా, ఇక వీధిలో తలెత్తుకుని తిరగలేడు. నవ్వులాటగా కనబడే ఈ పరువు సంగతి గుర్తుంచుకోవాలి. ముందు ముందు దానితో పని ఉంది.

ఆ బావిలో పిల్లలు ఒక ఆట ఆడేవాళ్ళు. దాని పేరు పీనుగాట. ఇద్దరు నీటి మీద బోర్లా తేలాలి. ముఖం నీళ్ళలో ఉండాలి. కాలు కదపకూడదు, చెయ్యి కదపకూడదు. ముందు తల ఎత్తినవాడు ఓడినట్టు. పేరు వింటేనే పెద్దవాళ్ళకు ఒళ్ళు మండేది. వెంకటరమణమ్మ గట్టు మీదికొచ్చి మట్టిపెళ్ళలు విసిరేది. "మీ నోట్లో మన్నుబడ! నా బాయిలో పీనుగులేందిరా? ఎక్కండి పైకి, నాయాండ్లారా!"

ఎవరితో ఆడినా రఫీ గెలిచేవాడు. రఫీతో ఆడితే నయీం ఓడేవాడు. ఊపిరి చాలక కాదు. పక్కన రఫీ వీపు నీటి మీద కొయ్యముక్కలా ఉండిపోయేది. వీడు ఆడుతున్నాడా, పోయాడా? ఈ ఒక్క ప్రశ్న నయీంను నిలవనిచ్చేది కాదు. ఇంకా ఊపిరి ఉన్నా సరే, తల ఎత్తేసి, "రే రఫీ!" అని వాడి జుట్టు పట్టుకుని లాగేవాడు. రఫీ నోట్లో నీళ్ళు పుక్కిలించి నయీం ముఖాన ఊసి నవ్వేవాడు.

"మళ్ళా ఓడితివి, పిరికి నాయాలా!"

"నువ్వు సచ్చినావనుకుంటిరా."

"సస్తే నీకు చెప్పకుండా సస్తానా?"

ఆ పిరికి అనే మాట నయీంను పెద్దయ్యాక కూడా వదల్లేదు. పెళ్ళిలో అన్నాడు రఫీ, పండగలో అన్నాడు, ఫరహత్ ముందు కూడా అన్నాడు. రఫీ మనసులో విషం లేదు, నిజమే. కానీ విన్నవాడి మనసులో అది ముల్లులా ఎక్కడో ఉండిపోయింది. నయీం నవ్వేసేవాడు. నవ్వేసిన ప్రతిసారీ, ఒక్కసారైనా వీణ్ణి ఓడించాలి అనుకునేవాడు.

నయీం దర్జీ పని నేర్చి గల్ఫుకు పోయాడు. ఫుజైరాలో సోఫాలకు గుడ్డ తొడిగే షాపులో కుదిరాడు. ఆ షాపులోనే రఫీకి కూడా పని దొరికింది. ఖాతూన్‌బీ మొదట ససేమిరా అంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి, "నయీం ఉండే తావయితే పో. వాడు లేని తావుకు మాత్రం పోవద్దు బేటా" అని ఒప్పుకుంది. ఆ మాట ఎందుకందో అప్పుడు ఇద్దరికీ తెలియదు. రఫీ అయితే పడిపడి నవ్వాడు. "మా అమ్మీకి నీ మీద ఉన్న నమ్మకం నా మీద లేదురా" అన్నాడు.

ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. రంజాన్ పండగకు రెండు రోజులు సెలవిచ్చారు. రెండో రోజు పడవ మీద సముద్రంలోకి పోదామని పట్టుబట్టింది రఫీనే. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కళ్ళకు అద్దం, నోటికి గొట్టం ఇస్తారు. నీళ్ళ మీద బోర్లా తేలుతూ అడుగున చేపల్ని చూడొచ్చు. ఫోనులో వీడియోలు చూసి చూసి వాడికి పిచ్చెక్కింది.

"సముద్రం పక్కన బతుకుతా సోఫాల దూదిలో మునుగుతాండాం గదరా. ఒక దినమన్నా నీళ్ళల్లో మునగల్ల" అన్నాడు.

అది పాతకాలపు అరబ్బు చెక్క ఓడ. అక్కడ ధౌ అంటారు. ముక్కు పొడుగ్గా ముందుకు సాగి ఉంటుంది. పైన తివాచీలు, ఆనుకోవడానికి దిండ్లు. రేవు దాటేదాకా ఇంజను మీద పోయింది. గాలి అందుకోగానే ఇంజను ఆపేసి, నలుగురు తాళ్ళు లాగి మూడుమూలల తెరచాప ఎత్తారు. ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. చెక్కలు కిర్రుమనడం, గుడ్డ గాలికి కొట్టుకోవడం తప్ప ఏమీ వినబడలేదు. మిగతావాళ్ళు ఫొటోలు తీసుకుంటుంటే ఈ ఇద్దరూ లేచిపోయి తెరచాప అంచు పట్టుకుని చూశారు. గుడ్డ పనివాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది?

"డబుల్ కుట్టురా" అన్నాడు రఫీ మెచ్చుకోలుగా. "అమ్మీకి చూపియ్యాల."

అప్పటికప్పుడు వీడియో కాల్ చేశాడు. ఖాతూన్‌బీ ప్రొద్దుటూరులో పండగ సేమ్యా ఎవరికో గిన్నెలో పోస్తోంది. ఫోనులో అంత నీళ్ళు చూసేసరికి ఆమెకు కళ్ళు తిరిగాయి. తెరచాపా వద్దు, కుట్టూ వద్దు.

"నయీం యాడ?"

"ఈడే ఉండాడు, నా పక్కన."

నయీం ముఖం ముందుకు పెట్టాడు. "ఖాలా, ఈద్ ముబారక్."

"నయీమూ, వాణ్ణి ఒంటిగా నీళ్ళల్లోకి దిగనియ్యొద్దు. దిగితే నువ్వు గూడా దిగు. పక్కనే ఉండల్ల, బేటా."

"పక్కనే ఉంటా ఖాలా. నువ్వేం భయపడాకు."

మాట ఇచ్చాడు. ఆ మాటను అక్షరాలా నిలబెట్టుకున్నాడు కూడా. అదే పాపమై కూర్చుంది.

ఓడ రెండు బోడికొండల నడుమ ఆగింది. గడ్డిపోచ లేని కొండలు. "గండికోటను ఎత్తుకొచ్చి ఈడ పెట్టినార్రా" అన్నాడు రఫీ. నీళ్ళు కింద ఇసుక కనబడేంత తేటగా ఉన్నాయి. ఓడలో పనిచేసే కేరళ మనిషి ఒకడు హిందీలో అందరికీ చెప్పాడు. ఈ జాకెట్టు వేసుకోవాలి, ఈ అద్దం ఇట్లా పెట్టుకోవాలి, ఈ గొట్టం పళ్ళతో పట్టుకోవాలి, ఏదైనా ఇబ్బందైతే చెయ్యి పైకెత్తాలి. అందరూ బుద్ధిగా విన్నారు. రఫీ చేతిలో నారింజరంగు జాకెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది, బెండా?"

"బెండే" అన్నాడు నయీం.

"బెండు కట్టుకునే ఈడా మనది? వెంకటరమణమ్మ చూస్తే నగదా?"

వేసుకోకపోతే దిగనివ్వనన్నాడు కేరళ మనిషి. వేసుకునే దిగారు. ఓడ వెనక్కి ఈదుకుంటూ పోయి, ఎవరూ చూడకుండా రెండు జాకెట్లూ విప్పి నిచ్చెన తాడుకు తగిలించారు. బావిలో ఈత నేర్చినవాళ్ళ పరువు అది. ఊరి నుంచి అంతదూరం వెంట వచ్చింది. ఉప్పునీళ్ళు బావినీళ్ళలా కిందికి లాగలేదు. ఊరికే పడుకున్నా తేల్చాయి. "ఇవి మనల్ని మోస్తాండాయిరా!" అని రఫీ చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు.

అడుగున చూసినవి నయీంకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. బంగారు అంగడి అద్దాల పెట్టెలో దీపాలు వేసినట్టు పసుప్పచ్చ చేపలు, నీలంవి, చారలవి. రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళ ఉండలు, ఒక్కో ముల్లు సూది అంత పొడుగు. వీటిని తాకొద్దని కూడా కేరళ మనిషి ముందే చెప్పాడు. ఒక తాబేలు వీళ్ళనేమీ పట్టించుకోకుండా తన దారిన తాను పోయింది. నయీం సంతోషపడ్డాడు. ఆ రోజు నిజంగా సంతోషపడ్డాడు. తర్వాత ఎవరడిగినా ఈ మాట మాత్రం చెప్పడు, సంతోషపడ్డందుకే సిగ్గు వాడికి.

ఒకసారి తల పైకెత్తి చూస్తే, ఓడ చుట్టూ మనుషులు. అందరూ బోర్లా, ముఖాలు నీళ్ళలో, వీపులు పైకి, కాళ్ళూ చేతులూ వదిలేసి. గొట్టాలు మాత్రం పైకి లేచి ఉన్నాయి. రఫీ కూడా అదే చూశాడు.

"చూడరా, అందరూ మన ఆటే ఆడతాండారు!" అని నీళ్ళు మింగేంతగా నవ్వాడు. నవ్వు ఆగాక కళ్ళద్దం నుదుటి మీదికి తోసుకుని, "ఏం, ఆడదామా? ఈ పొద్దన్నా గెలుస్తావా, పిరికి నాయాలా?" అన్నాడు.

"ఆడదాం పా."

"గొట్టం తీసేయల్ల. గొట్టంతో ఆడితే ఆటేముంది, తొండి గదా?"

రఫీ గొట్టం ఊడదీసి నడుముకు దోపుకున్నాడు. బావిలో లాగే నోరంతా తెరిచి గబగబా ఊపిరి లాగాడు, వదిలాడు, మళ్ళీ మళ్ళీ లాగాడు. అట్లా చేస్తే ఎక్కువసేపు ఉండొచ్చని బావిలో నేర్చుకున్న విద్య. అట్లా చేసినవాడి ఒంటికి ఊపిరి కావాలన్న సంగతి తెలియకుండానే స్పృహ తప్పి లోపల దీపం ఆరిపోతుందని ఆ బావిలో ఎవరూ చెప్పలేదు. నయీంకు అది ఆసుపత్రి వరండాలో తెలిసింది. అప్పటికి తెలిసి ఎవరికి లాభం?

ఇద్దరూ బోర్లా వాలారు.

నయీం గొట్టం తీయలేదు. తీసినట్టు చెయ్యి పెట్టాడు గానీ తీయలేదు. పళ్ళ మధ్యే ఉంచుకున్నాడు. ఒక్కసారి గెలిచి, ఓడ ఎక్కాక గొట్టం చూపించి, ఏడిపించి, ఇద్దరూ నవ్వుకోవచ్చనుకున్నాడు. అంతకు మించి మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

నీళ్ళ కింద ఇసుక మీద రెండు నీడలు. ఒకటి తనది, పక్కది రఫీది. కదలడం లేదు. పాత ప్రశ్న మళ్ళీ వచ్చింది. వీడు ఆడుతున్నాడా, పోయాడా? చిన్నప్పటి నుంచీ ఆ ప్రశ్నకు లొంగి తల ఎత్తినవాడే నయీం. ఈసారి లొంగదల్చుకోలేదు. వాడి ఎత్తే ఇది, నన్ను భయపెట్టి ఓడించడం వాడికి కొత్తా అనుకున్నాడు. ఊపిరి హాయిగా ఆడుతోంది. గొట్టం ఉంది కదా. ఎంతసేపైనా ఉండగలడు. ముందు వాడినే ఎత్తనీ అనుకుని పళ్ళు బిగించాడు.

రఫీ నీడ మెల్లగా పక్కకు జరిగింది. నీళ్ళు జరుపుతున్నాయి. కాలు కదపకుండా పోతున్నాడు, భలే పట్టు పట్టాడు అనుకున్నాడు నయీం. నీడ రాళ్ళు పైదాకా లేచి లోతు తగ్గిన చోటికి చేరింది. రఫీ చెయ్యి ఒకటి కిందికి వేలాడి ఉంది. ఆ చేతివేళ్ళు వెళ్ళి నల్లటి ముళ్ళ ఉండ మీద ఆనాయి. ముళ్ళు అరచేతిలో దిగడం అద్దంలోంచి నయీంకు స్పష్టంగా కనబడింది. చెయ్యి వెనక్కి రాలేదు.

అప్పుడు తల ఎత్తాడు.

"రే రఫీ!" అని జుట్టు పట్టుకుని లాగాడు. ముఖాన నీళ్ళు ఊసి నవ్వేవాడు ఎవరూ లేరు. కేకలు విని కేరళ మనిషి దూకాడు. ఓడ మీద తివాచీ మీద పడుకోబెట్టి ఎద మీద నొక్కారు, నోట్లో ఊదారు. లంగరు ఎత్తి ఇంజను పెట్టారు. రేవు వచ్చేదాకా నయీం ఆ అరచేతిలో విరిగిన ముళ్ళను ఒక్కొక్కటే గోళ్ళతో తీస్తూ కూర్చున్నాడు. బతికి లేస్తే నొప్పి పుడుతుందని.

గుండె ఆగిందని ఆసుపత్రిలో అన్నారు. నయీం ఆ మాటనే ప్రొద్దుటూరుకు చేరవేశాడు. శవపెట్టె వెంట తనూ వచ్చాడు. మట్టి ఇచ్చాడు. మళ్ళీ గల్ఫు ముఖం చూడలేదు. ఆటో తీసుకుని ఊళ్ళోనే ఉండిపోయాడు.

ప్రతి శుక్రవారం నమాజు కాగానే ఖాతూన్‌బీ ఇంటికి పోతాడు. పాల పొట్లమో, మాత్రలో, పండ్లో ఏదో ఒకటి పట్టుకుపోతాడు. ఆమె అన్నం పెడుతుంది. పెట్టి, ఎదురుగా కూర్చుని, ప్రతిసారీ అదే అడుగుతుంది.

"ఆ పొద్దు నువ్వు పక్కనే ఉంటివి గదా, బేటా?"

"పక్కనే ఉంటి ఖాలా."

అంతే. ఆమె ముఖం తేటపడుతుంది. వీధిలో ఎవరు పలకరించినా అదే చెప్పుకుంటుంది. "నా కొడుకు దిక్కులేనోని మాదిరి పోలేదు. నయీం పక్కనే ఉండె." నిజం చెబితే ఆ తల్లికి మిగిలిన ఆ ఒక్క ఊరటా పోతుంది. తనను బేటా అని పిలిచి అన్నం పెట్టే ఆ ఇల్లూ పోతుంది. చెప్పకపోతే ఆ ఇంటి అన్నం తినే యోగ్యత తనకు లేదు. ఈ రెంటి మధ్య నలిగిపోతూ కూడా శుక్రవారం మానుకోలేకపోయాడు. మానుకుంటే ఆమె ఒంటిగా తినాలి.

మొన్న వానలు మొదలయ్యే ముందు ఖాతూన్‌బీకి కంటిచూపు మందగించింది. జమ్మలమడుగులో కంటి డాక్టరు మంచివాడని నయీంనే ఆటోలో తీసుకుపోయాడు. డాక్టరు చుక్కలు వేసి, పొర వచ్చిందని, మళ్ళీ రమ్మని పంపాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక నుంచి నయీం భుజం తట్టింది.

"వెంకటరమణమ్మ బాయికాడ ఆపు, బేటా."

"ఆడేముంది ఖాలా, ఎండగా ఉంది."

"ఆపమంటాండా గదా, బేటా."

ఆపాడు. వెంకటరమణమ్మ పోయి చాలా కాలమైంది. చేనును ప్లాట్లు చేసి తెల్లరాళ్ళు పాతారు. బావి మాత్రం పూడ్చలేదు. అడుగున పచ్చటి నీళ్ళు, నీళ్ళ మీద ప్లాస్టిక్ సీసాలు. వేపచెట్టు అట్లాగే ఉంది. ఖాతూన్‌బీ నయీం భుజం ఆసరాగా పట్టుకుని గట్టుదాకా నడిచి, రాతి మీద కూర్చుంది.

"ఈ తావుకు నేను ఒక్కసారి వచ్చినా. మీకు తెల్దు" అంది. "మీరు ఇంతింత ఉంటిరి. వెంకటరమణమ్మ ఇంటికొచ్చి చెప్పె, నీ కొడుకు నా బాయిలో పీనుగాట ఆడతాండాడు అని. నాకు మండె. కట్టె తీసుకుని ఉరికొస్తి. మీ ఇద్దరి ఈపులు ఇరగ్గొట్టల్లని."

"నువ్వు రాలేదే ఖాలా?"

"వచ్చినా. ఆ ఏపచెట్టు కాడ నిలబడినా. ఇద్దరూ బోర్లా తేలుతాండారు. నా పానం ఆడనే పోయె. అరిచేలోపల నువ్వు తల ఎత్తితివి. వాని జుట్టు పట్టుకుని గుంజితివి. నీ మొగంలో భయం చూసినా, బేటా. నాకెంత భయమో నీకూ అంతే భయం. కట్టె ఆడనే పారేసి, మీకు కనపడకుండా ఇంటికి పోయినా. వీడు పక్కన ఉంటే నా కొడుక్కు ఏమీ కాదు అనుకుంటి. అందుకే అనింటి, నయీం ఉండే తావయితే పో అని."

నయీం జీవితమంతా సిగ్గుపడిన పిరికితనం ఏదో, దాన్నే నమ్మి ఈ తల్లి కొడుకును సముద్రాల అవతలికి పంపింది. దాన్ని దాచుకోవాలనే తను ఆ రోజు పళ్ళు బిగించి ఉండిపోయాడు.

ఖాతూన్‌బీ నీళ్ళకేసి చూస్తూనే అడిగింది. "ఆ పొద్దు గూడా ఆడినారా?"

ఎంతకాలంగా ఈ ప్రశ్న ఆమె మనసులో ఉందో తెలియదు.

"ఆడినాం ఖాలా."

"నువ్వే గదా ముందు తల ఎత్తింది, బేటా?"

"నేనే."

అందులో అబద్ధం లేదు. అక్కడితో ఆగిపోతే ఎవరూ తప్పు పట్టలేరు. ఆమె ముఖం ప్రతి శుక్రవారంలాగే తేటపడబోయింది కూడా. ఆ తేటదనం చూడలేకపోయాడు నయీం. దాన్ని మళ్ళీ మళ్ళీ కొనుక్కుంటూ ఇన్నాళ్ళు బతికాడు. ఇక వాడి వల్ల కాలేదు.

"శానా సేపటికి ఎత్తినా ఖాలా" అన్నాడు.

ఆమె తల తిప్పి చూసింది.

"గెలవల్లనుకుంటి. నా నోట్లో గొట్టం ఉండె. ఊపిరి ఆడే గొట్టం. అందుకే ఉండగలిగినా."

"వానికి?"

"వాడు తీసేసినాడు. ఆటలో తొండి లేకుండా."

ఎండలో దూరంగా ఒక బస్సు జమ్మలమడుగు వైపు పోయింది. ఖాతూన్‌బీ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే, ఆ కట్టె ఇప్పుడు దొరికి నాలుగు తగిలించి ఉంటే నయీం ఆమె కాళ్ళ మీద పడిపోయేవాడు. ఆమె బావిలోకి చూస్తూ కూర్చుంది, చుక్కలు వేసిన కళ్ళకు ఏం కనబడిందో గానీ. కాసేపటికి రాతి మీద చేతులు ఆనించి తనంతట తానే లేచింది. నయీం భుజం ముందుకు పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకోలేదు. మొరపరాళ్ళ మీద తడుముకుంటూ ఆటోదాకా నడిచి, ఎక్కి కూర్చుంది.

నయీం ఆటో తీశాడు. అద్దంలో ఆమె కనబడుతోంది. కొంగు తలమీదుగా ముఖం దాకా జారింది. తల కమ్మీకి ఆనింది. కళ్ళు మూసి ఉన్నాయి. ఊళ్ళో తొలి ఇళ్ళు వచ్చేసరికి ఆ కొంగు అంచు కూడా కదలడం లేదని తోచింది. రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. ఊరందరినీ భుజం పట్టుకుని ఊపిన చెయ్యి ఆమె దాకా పోలేక మధ్యలోనే నిలిచిపోయింది. ఈమెను తట్టి లేపే హక్కు తనకు ఎక్కడిది?

"ఖాలా" అన్నాడు. వాడి గొంతు వాడికే వినబడలేదు. "ఖాలా!"

ఆమె కదల్లేదు.

"ఉండాన్లే" అంది ఖాతూన్‌బీ కళ్ళు తెరవకుండా. "తోలు."

ఎప్పుడూ మాట చివర వచ్చే బేటా ఈసారి రాలేదు. నయీం కాసేపు దాని కోసం ఆగి చూసి, ఆటో స్టార్ట్ చేశాడు.